ఒక్క నిమిషం హాల్ట్

తాటిగుండ్ల హాల్ట్‌ల బండి ఆగేది
ఒక్క నిమిషం.
పట్టీల అట్లనే రాసుంది.
ఆ నిమిషం నాది.

గది నాది కాదు, కిటికి కడ్డీలు నావి కావు.
టికెట్లు జడ్చర్లల పైసలు కట్టి తెచ్చుకుంట,
అమ్మితే నూటికి ఇంతని నాకొస్తది.
అమ్ముడుపోనియి బిస్కెట్ల డబ్బల ఏసి
రాత్రి తలకాడ పెట్టుకుని పంట.

ప్లాట్‌ఫారం నేలకే అతుక్కున్నది,
బండి మెట్టేమో నడుమెత్తు.
సీతాఫలం గంప ఎక్కాలంటే
కింద ఒకరు, పైన ఒకరు,
నడిమిట్ల ఒక తిట్టు.

కన్ను తెరిసిన కాయ రేపటికి పండు,
ఎల్లుండికి ఈగల పాలు.
కాచిగూడ కాడ బేరగాడు ఎవ్వరికోసం ఆగడు.
అందుకే మబ్బుల నాలుగున్నరకే
తలగుడ్డలు చుట్టలు చేసి కూసుంటరు
ఆశమ్మ, ఖాజాబీ, ఆమె తోడికోడలు,
కుర్మయ్య పెండ్లాం,
అందరికన్న ముందు మైబమ్మ.

మైబమ్మయి ఏడు గంపలు.
నిమిషానికి ఐదే ఎక్కుతయి.
ఆ రెండింటి కోసం నేనొక విద్య నేర్చిన.
గార్డు పచ్చజెండ విప్పే యాళ్లకు
బండి పక్కన వంగి
చెప్పు వారు సర్దుకుంట.
ఒక్కోపారి చిల్లర కింద పోసి
ఏరుకుంట, పైస పైస.
"ఏమయ్య నర్సోజీ, దినాం నీ చెప్పే తెగుతదా?"
తెగుతది సారు. పాత చెప్పు.

మొన్న కంటి ఆపరేషన్‌కు పట్నం పోయి
మెట్రో స్టేషన్ల నిలబడ్డ.
మెట్లు వాటంతటవే నడుస్తున్నయి,
నేల తుడిసిన అద్దమోలె ఉన్నది,
ఎవరో ఆడపిల్ల మూడు భాషల్ల పైలం చెప్తున్నది,
పిల్ల మాత్రం ఏడ కనబడదు.
ఒక ముసలాయన సంచి తలుపుల ఇరికింది.
తలుపు తెరుసుకున్నది, సంచి ఇడిసింది,
మల్ల మూసుకున్నది.
కోపం లేదు దానికి, తిట్టు లేదు.
మంచిగనే ఉన్నది అనుకున్న.
ఇంటిదాంక అదే యాది:
ఏడో గంప సంగతి
దానికెవరు చెప్పాలె?

ఇయ్యాల మబ్బుల మైబమ్మ రాలే.
అలవాటుకొద్ది
ఆమె టికెట్ ముందే చింపి పెట్టిన.
"బోరు కాడ జారింది, తుంటెముక"
ఖాజాబీ నా మొకం సూడకుంట చెప్పింది.

గంపలన్ని ఎక్కినయి.
నలబై సెకండ్లు గూడ పట్టలే.
బండి నిండ కాయల వాసన,
తలుపు కాడ ఎవ్వరు లేరు,
పైన తీగ సన్నగ గుంయ్ మంటున్నది.

గార్డు జెండ ఎత్తలే.
డబ్బల నుంచి సగం బయటికి వంగి
నా కాళ్ల దిక్కు సూస్తున్నడు.
నేను సూస్తున్న ఆయన దిక్కు.
ఎన్నేండ్ల సంది ఎరుకనో ఆయనకు,
ఒక్కనాడన్న అనలే.

వంగిన.
వారు గట్టిగనే ఉన్నది,
అయినా ఇప్పి, మల్ల పెట్టుకున్న.

బండి పోయినంక
లెక్కల బుక్కు తీసి రాసిన:
చింపినయి పన్నెండు.
పైసలు వచ్చినయి పదకొండింటికి.