సున్నా పాయింట్ సున్నా

ఎనిమిదిన్నరకి చూడాలి, నిమిషం అటూ ఇటూ కాకుండా.
ఎమ్మార్వో ఆఫీసు వెనకాల, ముళ్ళకంచె లోపల
మోకాలెత్తు గరాటు.
సీసా పైకి తీసి, గాజుగొట్టంలోకి వంచి,
నీటి అంచు కంటికి సమంగా నిలిచేదాకా ఒంగి
ఆకాశం ఎంతిచ్చిందో రాసుకోవాలి.
పదహారేళ్ళుగా ఒంగుతున్నాను.
ప్రార్థనలో కూడా ఇంత ఒంగి ఎరగను.

రోహిణిలో గరాటు చెయ్యి పెట్టనివ్వదు.
సీసాలో ఓ చచ్చిన చీమ, రాలిన కొబ్బరి పూత.
ఉప్పుగాలికి రిజిస్టరు కాగితాలు మెత్తబడతాయి.
వీపు మీంచి కారేదానికి కాలమ్ లేదు.

మృగశిరలో మొదటి చినుకు
రేకుల మీద మరమరాలు వేగినట్టు వచ్చి
చర్చి వీధి మలుపులో ఆగిపోతుంది.
మావైపు తడి, చేపల బజారువైపు దుమ్ము.
"మాక్కూడా రాయవే మార్తమ్మా!" అని అరుస్తుంది పీతలమ్మే నూకాలు.
రెండు పాయింట్ నాలుగు.
ఊరంతటికీ ఒకటే అంకె.
తడవనివాళ్ళు కూడా లెక్కలో తడిసినట్టే.

ఆషాఢం ముసురుకి అంకెలు చిన్నవి, రోజులు పెద్దవి.
నాలుగు. మూడు పాయింట్ రెండు. ఆరు.
అగ్గిపుల్ల గీసుకోదు, లంగా ఆరదు,
గోడలకి నాచు, ఆవకాయ జాడీ మూతకి బూజు.
ఒకసారి బళ్ళో కుర్రాళ్ళు గరాటులో కుళాయి నీళ్ళు పోశారు.
ఎండ పేలిపోతుంటే ముప్ఫై ఎనిమిది!
జిల్లా ఆఫీసు నించి ఫోను:
"ఏమ్మా, మీ ఒక్క ఊళ్ళోనే పడిందా?"

ఆ శ్రావణం మాత్రం మర్చిపోలేను.
పదకొండు రోజులు చినుకన్నది లేదు.
ఉతికి ఆరేసినట్టు ఆకాశం.
రిజిస్టరు నిండా సున్నలు, కోడి పొదిగేసినట్టు.
పన్నెండో రోజు రాత్రి మైకు ఆటో తిరిగింది:
ధవళేశ్వరం దగ్గర రెండో హెచ్చరిక,
లంకల్లో వాళ్ళు లేచి రావాలి.
తెల్లారేసరికి ఎర్రనీరు ఏటిగట్టు అంచుని నాకుతోంది.
గేదెలు ఈదుకుంటూ, పడవల్లో కోళ్ళు, గ్యాసు బండలు,
ఒళ్ళో టీవీ పెట్టుకుని, దాని మీద కొంగు కప్పి ఒకావిడ.

ఏ అడవిలోనో, నా నోరు తిరగని పేరున్న ఏ కొండ ఊళ్ళోనో
నాలాంటిదెవర్తో ఒంగి కొలిచిన వాన
ఇవాళ మా గుమ్మం ఎక్కుతోంది.
పిక్కలదాకా నీళ్ళలో నడిచి వెళ్ళాను.
గరాటుకి బెత్తెడు కిందే ఏరు.
సీసా తీశాను. లోపల పొడి.
చుట్టూ గోదారి, నా చేతిలో ఎండిన సీసా.
"ఏం రాయను సార్?"
"చూసిందే రాయి."
సున్నా పాయింట్ సున్నా.

కార్తీకంలో వాయుగుండం.
రాత్రంతా తూరుపు గాలి కొబ్బరి మట్టల్ని జుట్టు పట్టుకుని ఈడ్చింది.
కోసిన పనలు చేలో పడవల్లా తేలాయి.
మూడోనాడు కౌలురైతు యాళ్ళ బంగారయ్య కంచె దగ్గర నిలబడ్డాడు.
అరచేతిలో ఒక వెన్ను, ఆకుపచ్చగా మొలకలెత్తి.
ఇన్సూరెన్సుకి ఓ గీత ఉందట.
ఆ గీత దాటితేనే అది వాన.
దాటకపోతే అతని చేను తడవనట్టే.
ఏమీ అడగలేదు. వెన్ను చూపించాడు, అంతే.

నేనప్పుడు తలమీంచి తడిసి ఉన్నాను.
గొడుగు ఎప్పుడో తిరగబడి పోయింది.
గాజుగొట్టం ఎత్తి ఒంగాను.
గీతకి ఒక్క పాయింటు కింద ఆగింది నీరు.
ఒంగినప్పుడు జడ ముందుకు జారింది.
జడ కొసన చుక్కలు.
అవీ ఆకాశంలోంచి పడ్డవే కదా.
తుడుచుకున్నానో, లేదో.

రాశాను.
సంతకం పెట్టాను.

మొన్న స్తంభం ఎక్కించి కొత్త మిషను బిగించి పోయారు.
అదే కొలుచుకుంటుంది, అదే పంపుకుంటుంది.
ఎవరూ ఒంగక్కర్లేదు.
ఎనిమిదిన్నరకి అలవాటుకొద్దీ వెళ్ళి
దానికేసి చూస్తూ నిలబడతాను కాసేపు.
దానికి జడ లేదు.