నూట పంతొమ్మిది పెట్టెలు

అలంకారానికి నూట యాభై, అన్నారు ధనపాల్ నాయుడు గారు
గల్లాపెట్టెకు తాళం వేశాక.
ఆ వారమే మాల్‌లో మూడంతస్తుల క్రిస్మస్ చెట్టు లేచింది,
దాని కాపలాకే ఇద్దరు మనుషులు.
మాది పెరంబూరు పేపర్ మిల్స్ రోడ్డులో
పదడుగుల అద్దం,
మూల ఒక బీట, బీట మీద టేపు.

గమ్ము ముప్ఫై, పురికొస ఇరవై,
పచ్చ రంగు రెండు డబ్బాలు తొంభై.
మిగిలిన పదికి ఒక టీ, నేనూ బిల్లింగు ఎస్తేరూ
చెరి సగం.

మెట్ల కింద చెప్పుల పెట్టెలు దొరికాయి.
బస్సులో ఎక్కడ పెట్టుకోను, కవర్లో వేసివ్వు చాలు
అన్నవాళ్ళు వదిలి వెళ్ళినవి.
నూట ఇరవై.
అడుగున గంబూట్లవి,
వాటి మీద మగవాళ్ళ తొమ్మిదులూ పదులూ,
ఆపైన ఆడవాళ్ళవి, ఇంకా పైన పిల్లలవి,
కొసన నడక రాని బిడ్డల మెత్తటి బూట్లది ఒక్కటి.
గ్రూప్ ఫోటోకి చుట్టాలను సర్దినట్టు సర్దాను.

రంగు సగంలోనే అయిపోయింది.
వెనక వైపు ఎవరు చూస్తారులే, అంది ఎస్తేరు.
మేమే చూశాం, నెలంతా.

బూట్లలో కుక్కి వచ్చే తెల్ల కాగితం నలిపితే మంచు.
మద్రాసులో మంచేమిటని అడక్కండి,
బయట మోకాలి లోతు వాన.
ఆ గాలికే వెల్లకిలా తిరిగిన గొడుగొకటి
గుడ్డ పీకేస్తే నక్షత్రం.
ఎస్తేరు అక్క పెళ్ళినాటి సీరియల్ లైట్లు
సగం వెలగవు.
వెలగని సగం కూడా వెనక్కే.

మూడు రోజులు ఎవరూ ఆగలేదు.
ఆగిన ఆటో డ్రైవరు అద్దంలో తల దువ్వుకుని పోయాడు.

నాలుగో రోజు
పరీక్ష అట్ట చంకలో పెట్టుకుని ఒక పిల్ల వచ్చింది.
చేతిరుమాలు కౌంటరు మీద విప్పింది.
లోపల పచ్చటి లవ్ బర్డ్, కళ్ళు మూసుకుని.
అన్నా, ఒక పెట్టె ఎంత?
పిడికిట్లో అయిదు రూపాయల బిళ్ళ.

అలవాటు కొద్దీ నా కన్ను కొలిచేసింది:
పసిపిల్లల రెండో నంబరు.
ఖాళీ పెట్టెలన్నీ చెట్టులోనే ఉన్నాయి.
నక్షత్రం కింద నాలుగో వరసలోంచి,
నిద్రపోతున్నవాళ్ళ తల కింద నుంచి దిండు లాగినట్టు
లాగాను.
చెట్టు ఊగింది. నిలబడింది.
ఆ పిల్ల మా మంచు కూడా గుప్పెడు తీసుకుంది.
బిళ్ళ వద్దన్నాం.

ఏమిటయ్యా ఇది, పన్నూడిన నోరులాగ, అన్నారు నాయుడు గారు.
పూడ్చడానికి ఇంకో పెట్టె లేదు.
అమ్మితే కదా, ఖాళీ పెట్టె.
ఎస్తేరు వెలిగే బల్బొకటి తెచ్చి
ఆ కంతలోకి తోసింది.

సాయంత్రం ఒక ముసలమ్మ ఆగి
గుండె మీద శిలువ గుర్తు వేసుకుంది.
తర్వాత లోకో వర్క్స్ క్వార్టర్సు వాళ్ళు, పిల్లాజెల్లాతో.
పాక ఎంత ముద్దుగా కట్టారు, అన్నారు.
పాక అని మాకప్పుడే తెలిసింది.
బాబేడి? అని ఒక పిల్లాడు అద్దానికి ముక్కు ఆనించి అడిగితే
ఇరవై నాలుగు రాత్రికి పెడతార్రా, అంది వాళ్ళమ్మ.
మేం తలూపాం.

ఇరవై నాలుగు రాత్రి, షట్టరు సగం దించి,
ఎస్తేరు నా వంక చూసింది.
పెట్టడానికి మా దగ్గర ఏముంది?
బల్బును మాత్రం కాస్త లోపలికి జరిపింది.

అమ్మకాలు పెరిగాయా అంటే, పదకొండు జతలు.
వచ్చే ఏటికి రెండొందలు, అన్నారు నాయుడు గారు.

జనవరిలో పెట్టెలన్నీ వెనక్కి తిప్పాం.
రంగు చాలని అట్ట వైపు ముందుకొచ్చి
పొంగల్ కుండ అయింది,
మంచేమో పొంగు.
స్టాకు పుస్తకంలో ఖాళీ పెట్టెల దగ్గర
నూట పంతొమ్మిది అని రాశాను.
మిగతాది ఏదని ఎవరూ అడగలేదు.

ఆ పిల్ల మళ్ళీ ఇటు రాలేదు.
ఆ రోజు వేసుకున్న బడి బూట్లు మూడో నంబరు,
బొటనవేలి దగ్గర అప్పటికే బిగుతు.
జూన్‌కి నాలుగు పడుతుంది.