తరుగు

భవానీపురం ఐసు ఫ్యాక్టరీలో
పొద్దున పదింటికి
ఇనుప కొక్కెంతో దిమ్మె లాగుతాను.
తూకం యాభై.
రంపప్పొట్టు చల్లి, గోనెపట్టా కప్పి
రిక్షా తొక్కితే
బీసెంట్ రోడ్డు చేరేసరికి నలభై మూడు.
ఆ ఏడు కిలోలూ నా కూలిలో కోస్తాడు
జ్యూసు కొట్టు వీరాంజనేయులు.

మా మీరాబి తొమ్మిదో తరగతి.
రాత్రి పుస్తకం ఒళ్ళో పెట్టుకుని అంది:
"ఐసులో అణువులు ఊరికే ఉండవు నాన్నా,
ఉన్నచోటే నిలబడి వణుకుతుంటాయి."

తెలుసమ్మా.
ఆ చలిగదిలో నేనూ అంతే.

"నీళ్ళయితే, గుంపు విడవకుండానే
పక్కదాన్ని తోసుకుంటూ జారతాయి."

అదీ చూశాను,
వన్‌టౌన్ మార్కెట్ సందులో, ఆదివారం పూట.

"వేడెక్కిందా, ఇక చెయ్యి విడిచేసి
దొరికిన దిక్కుకల్లా..."
కరెంటు పోయింది.
మే నెల. ఆకు కదలడం లేదు.
చీకట్లోనే పూర్తి చేసింది:
"ఏదీ పోదు నాన్నా, చోటు మారుతుందంతే."

అయితే నా ఏడు కిలోలు
దారి పొడుగునా ఉన్నాయన్నమాట.
కొన్ని తారు మీద చారగా,
కొన్ని సిగ్నల్ దగ్గర పక్కనాగిన ఆటోలో
నిద్రపోయే చంటిదాని ఊపిరిలో,
ఒకటో రెండో నాకన్నా ముందే వెళ్ళి
వీరాంజనేయులు కాలరు మీద.

రేపు లెక్క దగ్గర చెప్పాలి,
అది తరుగు కాదయ్యా,
అందరికీ తలా కాస్త ముట్టిందని.

నమ్మడు.
డబ్బులు లెక్కపెడుతుంటే
ఉన్నచోటే నిలబడి
కొంచెం వణుకుతాను.