ఆరో పేజీ

ఎవొరాలోని సహకార సంఘం ఆఫీసు నాకు
ఒక గళ్ల నోటుపుస్తకం ఇచ్చి పంపింది:
"పెద్దవాళ్లు పని మానేసేలోగా
వాళ్ల చేతుల్లో ఉన్నదంతా రాసుకు రా."

అలెంతేజు. జూన్ చివరి వారం.
సీసాల బిరడాలకు బెరడిచ్చే చెట్ల మధ్యకి
చీకటుండగానే నడిచాం, పద్నాలుగుమందిమి.

ఎలెవ్తేరియు గొడ్డలి వేశాడు.
దిగీ దిగగానే మణికట్టు కొంచెం తిప్పాడు.
చెట్టు టక్కుమనలేదు,
బిగపట్టిన ఊపిరి వదిలినట్టు ఒక చప్పుడు.
పిడి కొసని సందులోకి దూర్చి ఎత్తితే
మనిషెత్తు పలక
చెమటకి అంటుకున్న చొక్కాలా ఊడొచ్చింది.
లోపల చెట్టు ఒళ్లు, లేత గులాబి, తడి.

"ఎంత లోతు?"
"చాలినంత."
"చాలిందని ఎలా తెలుస్తుంది?"
ముద్ద ఎలా మింగుతావని అడిగినట్టు
నావైపు చూశాడు.

రాశాను: సుమారు నాలుగు సెంటీమీటర్లు.
తర్వాతి చెట్టు దగ్గర కొట్టేశాను.
ఆ తర్వాతి చెట్టు దగ్గర రాసి, మళ్లీ కొట్టేశాను.
అదే ఆరో పేజీ.

పదకొండింటికి రొట్టె, ఉల్లిపాయ, తగాదా.
లోయవైపు చెట్లు తూర్పుగాలికి బిగుసుకున్నాయి,
ఇవాళ ముట్టుకోవద్దంటుంది జుల్మీర.
ఫిర్మీను ఒప్పుకోడు.
ఆమె ఏనాడూ గొడ్డలి పట్టలేదు,
ముప్పై వేసవులుగా పలకలు మోసి పేరుస్తోంది, అంతే.
కానీ అంచు తడిమి చెప్తుంది
ఏది ఎవరు కొట్టారో,
ఎవరికి రాత్రి నిద్ర లేదో.
మధ్యాహ్నం లోయకి ఎవరూ వెళ్లలేదు.
ఫిర్మీను కూడా.

నేపాల్ నుంచి వచ్చిన లోక్‌మాన్‌కి
ఇక్కడి మాటలు పాతికో ముప్పయ్యో వచ్చు.
ఎలెవ్తేరియు కొట్టే చెట్టుకే అవతలి పక్కన నిలబడి
ఆ చప్పుడు విని, తన చప్పుడు విని,
గొడ్డలి పట్టు ఒక వేలు కిందికి జరుపుకుంటాడు.
నాకు మాటలన్నీ వచ్చు.

నాలుగో రోజు, సిగ్గు విడిచి, నేనూ అడిగాను గొడ్డలి.
రెండు దెబ్బలు బాగానే పడ్డాయి.
మూడోది టక్కుమంది.

అందరి చేతులూ ఆగిపోయాయి.
గులాబి ఒంట్లో తెల్లటి గాటు, తేమ ఊరుతోంది.
"తొమ్మిదేళ్లకి బెరడు మళ్లీ కోతకొస్తుంది," అన్నాడు ఎలెవ్తేరియు,
"అప్పుడు కనిపిస్తుంది, ముడి కట్టి."
తిడతాడనుకున్నాను.
మోచెయ్యి పట్టుకుని వాగు దాటించి
ఒక ముసలి చెట్టు ముందు నిలబెట్టాడు.
పిడికిలంత బుడిపె.
"ఇది నాది. పదహారేళ్లప్పటిది."

ఫిర్మీను వెనకే వచ్చి తనవి రెండు చూపించాడు,
మూడోది వాళ్ల నాన్నదట.
జుల్మీర నవ్వుతూ ఎవరెవరివో దాచినవీ చూపించింది.
సాయంత్రందాకా నేను పుస్తకం తెరవలేదు.

తిరిగొచ్చేసరికి నా చెట్టు మీద
తెల్ల రంగుతో ఈ ఏడాది అంకె, 5, ఇంకా ఆరలేదు.
దాని కింద లోక్‌మాన్ మోకాళ్ల మీద కూర్చుని
నా గాటులో చూపుడువేలు గోరు ఆనించి
చూసుకుంటున్నాడు,
ఎంత లోతు కాకూడదో.