ఏడో కక్ష్య, చివరి భాగం

సజ్జ అంటే మా దిక్కు రొట్టె.
షార్జాల సజ్జా అంటే ఇసుక, సిమెంటు,
పదకొండో నంబర్ క్యాంపు, ఆరుగురికి ఒక రూము.
గా రూముల, మీది మంచం మీద
మా అంతరిక్ష కేంద్రం.

చిన్నప్పుడు ఆదివారం పొద్దున టీవీల
ఏడో కక్ష్య అని సీరియల్ వస్తుండె.
ఆఖరికి కెప్టెన్ ఒక్కడే ఎర్ర గ్రహం మీద నిలవడి
ఇటు తిరగబోయిండు.
గంతే. వచ్చే వారం క్రికెట్ పెట్టిండ్రు.
మల్ల ఎప్పుడు రాలే.

లింబాద్రిది మెట్‌పల్లి, అష్ఫాక్‌ది బోధన్, నాది కమ్మర్‌పల్లి.
మూడు ఊర్లల్ల ముగ్గురం ఒక్కతీరుగ ఎదురుచూసినమని
ఈడ, మెస్సుల పప్పు లైన్ల తెలిసింది.
ఇరవై ఏండ్లాయె పాపం, ఆయన గాడ నిలవడి.
తోలుకొద్దాం పాండ్రి, అన్నడు అష్ఫాక్.

పరంజికి కట్టే పచ్చజాలి,
చినిగిందని ఫోర్‌మన్ పారేయమంటే లింబాద్రి మడతేసి తెచ్చిండు.
మిగిలిన డక్టు పైపు, వెండి రంగుది, నేను తెచ్చిన.
అండ్ల చేతులు దూర్చి
పెండ్లికొడుకు లెక్క బిగుసుకపోయిండు లింబాద్రి.
నేపాలీ దిల్‌బహదూర్‌కు కథ సమజ్ కాలే,
గని మూడు గంటలు లైటు పట్టిండు.
చెయ్యి గుంజినా దించలే.

జాలికి బొక్కలుంటయి గదా.
కంప్యూటర్ల పచ్చరంగు తీసేస్తే
బొక్కబొక్కల నుంచి మా రూమే కనవడ్డది:
ఆరేసిన లుంగి, టిఫిన్ డబ్బ, బహదూర్ బిడ్డ ఫోటో,
చుక్కల నడుమ తుంపులు తుంపులు.
జాలి నాలుగు మడతలు పెట్టి మల్ల తీసినం.

సెకండ్ హ్యాండ్ లాప్‌టాప్. గాలాడనీకి కింద రెండు చపాతి కర్రలు.
ఒక ఫ్రేముకు అర్ధగంట.
సెకనుకు ఇరవైనాలుగు ఫ్రేములు.
పన్నెండు గంటల డ్యూటీ చేసి వస్తే
కెప్టెన్ ఒక్క సెకను బతికి ఉంటుండె.

ఇసుకల తీసిన సీను కష్టమైంది.
గ్రహం మీద మనిషి జాడ ఉండొద్దు.
ఎనుక ఆకాశం అంచున ఉన్నయన్ని తుడవాలె.
మొదలు కరెంటు తీగలు. తర్వాత నీళ్ల ట్యాంకి.
తర్వాత ఎడమ దిక్కు పొడుగు బిల్డింగు.

దాని పద్దెనిమిదో అంతస్తుల డక్టు నేను బిగించిన.
పరంజి లింబాద్రి కట్టిండు, గాడనే జారి
మూడు వారాలు కట్టుతోని పన్నడు.
మౌసుతోని తుడుస్తుంటే
చేసిన పని ఎనుకకు చేస్తున్నట్టుండె:
అద్దాలు పోయినయి, రంగు పోయింది, గోడలు పోయినయి.
ఉత్త గాలిల, అంత ఎత్తున,
మావోళ్లందరు పానాలు పట్టుకొని నిలవడ్డట్టు
ఒక్క క్షణం.
వాండ్లను గూడ తుడిచిన.
సీను గట్ల అడిగింది.

డైలాగు ఒక్కటే. పుస్తకం భాషల రాసుకున్నం:
ఇచ్చట ఎవరును లేరు.
పదిహేనుసార్లు చెప్పిచ్చినం.
లింబాద్రి నోట్లకెల్లి 'ఈడ ఎవ్వలు లేరు' అనే వచ్చింది.
గదే ఉంచినం.

ఏడు నెలలకు, తెల్లారగట్ల, బస్సు వచ్చే ముందట
నల్లాల కాడి గోడ మీద దుప్పటి కట్టి ఏసినం.
పండ్లపుల్లలు నోట్ల పెట్టుకొని ముప్పై మంది.
కెప్టెన్ నడిచిండు. నిలవడ్డడు.
ఇరవై ఏండ్లకు, మెల్లగ,
ఇటు తిరిగిండు.
ఈడ ఎవ్వలు లేరు, అన్నడు.

టోపి అద్దంల, బొటనవేలంత,
లైటు ఎత్తి పట్టుకొని బహదూర్.
గిది నేనెట్ల చూడలే?
ఈలలేసిండ్రు. బహదూర్ తల గోక్కున్నడు.
తుడవాల్నా, అని అడిగిన.
బస్సు హారన్ల
ఎవలేం అన్నరో ఇనవడలే.