సవరణ

పోయిన వారం రెండో పేజీలో, కింద,
అగరొత్తుల ప్రకటన పక్కన
వేలెడంత పెట్టెలో
నా గురించి నాలుగు ముక్కలు రాసుకున్నాను.

రాయక తప్పలేదు.
వినాయకుడి చందాల లెక్క అడిగితే
"పేరు చూడండయ్యా, మస్తానంట,
మన పందిరి సంగతి ఆయనకెందుకు" అన్నారు.
ఉరుసు మైకుల బిల్లు వేస్తే
"ఇంటిపేరు చూడు భాయ్, చేజర్లవాళ్లు" అన్నారు.
ఉన్నది ఒక్క పేరు.
ముందు సగం ఒకరికి గిట్టదు, వెనక సగం ఇంకొకరికి.

అందుకని రాశాను:
ఇద్దరు పురిట్లోనే పోయాక మేం నిలిచాం.
మాలకొండ మెట్లకు పసుపు పూసి అన్నను కన్నది అమ్మ,
వాడు మాలకొండయ్య.
కసుమూరు దర్గాలో కొంగు పరిచి నన్ను అడుక్కొచ్చింది,
నేను మస్తానయ్య.
శనివారం తప్ప తలుపు తీయని స్వామి ఒకరు,
ఏ వారమొచ్చినా ఫాతెహా అందుకునే స్వామి ఒకరు.
అమ్మ ఇద్దరికీ బాకీ.
ఎవరికెంతో ఏనాడూ చెప్పలేదు.
నాయన బ్యారన్ కాడ రాత్రుళ్లు మంట కాసేవాడు,
నిప్పుకు తప్ప దేనికీ దణ్ణం పెట్టగా చూడలేదు.
చదివింది మిషన్ బళ్లో.
పొద్దున ప్రార్థన, మధ్యాన్నం గోధుమరవ్వ ఉప్మా,
రెండూ మింగాను.

అమ్మ పొగాకు గ్రేడింగు కూలి.
"పసుపు బల్బు కింద ప్రతి ఆకూ బంగారంగానే ఉంటదిరా అబ్బయా,
ముందు బల్బు ఏ రంగుదో తెలుసుకో,
ఆనక ఆకు సంగతి చెప్పు."
అనుమానమొచ్చిన ప్రతి ఆకునూ పట్టుకుని
షెడ్డు గుమ్మందాకా లేచిపోయేది, ఎండలో చూడ్డానికి.
మేస్త్రీ తిట్టేవాడు.
ఆ నడకకు కూలి లేదు.

ఓటు ఎవరికేశానో కూడా రాయబోతే
డీటీపీ షబ్బీరు "అన్నా, పెట్టె చాలదు" అన్నాడు.
సరే, చివరి వాక్యం:
'దేవుణ్ణి నమ్మను. ఇది తెలిసే నా వార్తలు చదవండి.'

బుధవారం పత్రిక బయటికొచ్చింది.
పామూరు రోడ్డు టీకొట్టు పెంచలయ్య డబ్బులు తీసుకోలేదు.
పందిరి కమిటీ కోశాధికారి చెయ్యి పట్టుకుని
"ఇప్పటికైనా ఒప్పుకున్నావు, సంతోషం" అన్నాడు.
జిలానీ సాహెబు భుజం మీద చెయ్యేసి
కళ్లు తుడుచుకున్నాడు.
మా ఆవిడ ఆ పేజీ మడిచి దేవుడి గూట్లో పెట్టింది,
నాతో ఒక్క మాటా అనకుండా.

శుక్రవారం సాయంత్రం గానీ నేను తీరిగ్గా చూసుకోలేదు.
'దేవుణ్ణి నమ్మాను.'
ఒక్క దీర్ఘం.
వేలు జారిందన్నాడు షబ్బీరు, ఒట్టేసి మరీ.
ఎవరి మీద ఒట్టో నేనడగలేదు.

ఇన్నేళ్లలో ఎన్ని సవరణలు వేశాను!
పోయాడన్న సర్పంచి బతికే ఉన్నాడని,
వేలంలో కిలో ధర రూపాయి తక్కువ పడిందని,
జిల్లా మారినప్పుడు పత్రిక పేరు కింద ఊరి చిరునామా కూడా.
దేనికీ చెయ్యి ఇంతసేపు ఆగలేదు.

ఎందుకంటే మొన్న వానలో
మన్నేటి వంతెన మీద బండి జారినప్పుడు
నా నోట్లోంచి వచ్చిన మాట
"మస్తానయ్యా!"
నన్ను నేను పిలుచుకున్నానో
ఆయన్ను పిలిచానో
ఇప్పటికీ తేలలేదు.

గూట్లో కాగితం తీసెయ్యమని
మా ఆవిడకింకా చెప్పలేదు.

ఈ వారం, అదే పేజీ, అదే మూల:
'సవరణ. పోయిన సంచికలో ఒక దీర్ఘం ఎక్కువ పడింది.
తీసేసి చదువుకోగలరు.'
వంతెన సంగతి కూడా కిందనే వేయమన్నాను.
షబ్బీరు ఈసారి పెట్టె చాలదనలేదు.
అగరొత్తుల ప్రకటనను
ఒక అంగుళం పైకి జరిపాడు.