చెక్కుబందీ

పత్తికొండ సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ఎదురుగా
జిరాక్సు మిషను పక్కన నా రేకుల పంచ.
ఇరవై ఆరేండ్లుగా ఇక్కడే కూచుని
ఒకరి నేలను ఇంకొకరి పేరు మీదికి
నీలం సిరాతో మోసుకపోతాండా.

మొన్న వాన వెలిసిన పొద్దున
ఉరుకుందు వచ్చినాడు,
టమోటా మండీలో బాక్సులెత్తే పిల్లోడు.
వాని వెనక కొనేటోడు, తుగ్గలి మద్దిలేటి.
"ఒక దస్తావేజు రాసియ్యి సామీ,
ఎనిమిది వేలకు అమ్ముతాండా."
"ఏం అమ్ముతాండావప్పా?"
మూలకు అద్దం పగిలిన ఫోను తీసినాడు.
"గేమ్ అకౌంటు."

నవ్వొచ్చింది. కానీ వంద రూపాయల స్టాంపు కాయితం
తడవకుండా చొక్కా లోపల దాచుకుని తెచ్చినాడు.
కళ్లజోడు సర్దుకున్నా.

సర్వే నంబరు?
లేదన్నాడు. లెవెలు డెబ్బై రెండు, అది రాయమన్నాడు.
లింకు డాక్యుమెంటు?
మూడేండ్ల రసీదులు వేలితో పైకి తోస్తా తోస్తా చూపినాడు:
నలభై, ఎనభై, నూటా యాభై తొమ్మిది.
నలభై అంటే ఇరవై బాక్సుల కూలి.
ఒక ఎర్ర కోటు. ఒక తుపాకి. రెక్కల గుర్రం.
వజ్రాలు వెయ్యిన్ని నూటా పద్నాలుగు.

వజ్రాలనేసరికి మద్దిలేటి నవ్వినాడు.
తొలకరి పడితే వాళ్లూరి ఎర్ర చేలల్లో
జనం నడుం వంచి నడుస్తారు.
ఎవరి చేనైనా, దొరికిన రాయి దొరికినోడిదే.
తెల్లారేలోగా చేతులు మారుతుంది, కాయితం ముక్క లేకుండా.
"వాటికి ఎవరూ పత్రం అడగరు.
ఇవి యాడా దొరకవు, వీటికే కావాల."

చెక్కుబందీ?
తూర్పున? "సముద్రం సామీ."
పడమర? "సముద్రమే."
ఉత్తరం, దక్షిణం? "మంట. దాటితే చస్తాం."
రాసుకున్నా. ఇంతకన్నా గట్టి హద్దులు
ఏ దస్తావేజులోనూ రాసిందిలేదు.

ఇంక ఆఖరి వాక్యం. దాన్ని చెయ్యే రాసుకుంటుంది:
నిధి నిక్షేప జల పాషాణ
అక్షీణ ఆగామి సిద్ధ సాధ్యములనెడి
అష్టభోగ తేజస్వామ్యములతో
పుత్రపౌత్ర పారంపర్యముగా
అక్కడ పెన్ను ఆగింది.
"కంపెనీవాడు ఏదన్నా రాసుంటాడు గదా, చూపియ్యి."

మడత లేదు, అంచు లేదు ఆ కాయితానికి.
వేలు నొప్పి పుట్టేదాకా జారుతానే ఉంది.
నేను చదివినా. చదవడం నా కూడు.
నీవు కొన్నావే, అది కొనలేదన్నాడు వాడు.
వాడుకోమన్నాడు.
అమ్మరాదు, ఇయ్యరాదు,
నీ వెనక నీ వాళ్లకు రాదు.
మాకు తోచిన దినాన, చెప్పకనే, తలుపు మూసేస్తామన్నాడు.
సాక్షులు లేరు. వేలిముద్ర మాత్రం ఉంది.

ఎట్ల చెప్పాల్నా అని మాటలు ఎతుక్కుంటాంటే
ఉరుకుందే అన్నాడు:
"అంటే మా నాయన డీకేటీ పట్టా మాదిరి."

చిన్నహుల్తి పక్కన ఎకరా ఇరవై సెంట్లు.
పద్దెనిమిదేండ్లు దున్నినాడు వాళ్ల నాయన.
కూతురి ఆపరేషనుకు అమ్మబోతే
ఇదే పంచలో, ఇదే నేను,
చెల్లదని ఎనక్కి పంపినా.
కోపం చెయ్యలేదు. ఒక్కటే అడిగినాడు:
"మరి రాళ్లెవరు ఏరినారు సామీ?"

స్టాంపు కాయితం మీద పదకొండు వరుసలున్నాయి.
కొట్టెయ్యలేదు. సంతకాలూ పెట్టియ్యలేదు.
మద్దిలేటి నోట్లు లెక్కపెట్టి ఇచ్చినాడు.
ఉరుకుందు వాని చెవిలో పాస్‌వర్డు చెప్పినాడు.
రాత ఖర్చని యాభై తీయబోతే వద్దన్నా.

పోయే ముందు ఫోను నా ముందు పెట్టినాడు.
ఎర్ర కోటు తొడుక్కుని, కొండ మీద నిలబడి
ఎవడో ఊపిరి తీస్తాండాడు.
భుజాలు మెల్లగా లేస్తాండాయి, దిగుతాండాయి.
"ఆడకపోయినా అట్లనే ఉంటాడు సామీ,
ఎవరి కోసమో కాసుకున్నట్ల."